తెలిసిన హంతకురాలు, తెలియని ఇల్లు: ‘త్రినయని’ ధారావాహికలో అనుమానం, సాక్ష్యం

వ్యాససంగ్రహం: జీ తెలుగులో 2020లో మొదలై వేయికి పైగా భాగాలుగా సాగిన ‘త్రినయని’ ఒక సంపన్న కుటుంబంలో జరిగిన హత్య చుట్టూ అల్లిన ధారావాహిక. ఇందులో హంతకురాలెవరో ప్రేక్షకులకు మొదటినుంచీ తెలుసు; కోడలికి తెలుస్తుంది; ఇంటికి తెలియదు. నిజం తెలిసిన స్త్రీ మాటకు ఆ ఇంట్లో ప్రామాణ్యం ఎందుకు లభించదన్న ప్రశ్నను న్యాయశాస్త్రంలోని అనుమాన విభాగం, నాటక లక్షణంలోని సంధి నిర్మాణం, జానపద సంప్రదాయంలోని పేరంటాలి ఆరాధన ఆధారంగా ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ‘గాలివాన’ వెబ్ సిరీస్‌ను తులనాత్మకంగా స్వీకరిస్తుంది.

కీలకపదాలు: త్రినయని, టెలివిజన్ ధారావాహిక, అపరాధ పరిశోధన, అనుమాన ప్రమాణం, సాక్ష్యం, పేరంటాలు, గాలివాన.

1. ఉపోద్ఘాతం

తెలుగులో అపరాధ పరిశోధక నవల బెంగాలీ, ఇంగ్లీషు అనువాదాల, అనుసరణల దారిలో ప్రవేశించి, ఇరవయ్యో శతాబ్ది మధ్యభాగానికి విస్తారమైన పాఠకలోకాన్ని సంపాదించుకుంది. కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్, అతని సహాయకుడు రాజు రెండు తరాల పాఠకులకు ఇంటిమనుషులంత పరిచితులు. టెంపోరావు, విశ్వప్రసాద్, గిరిజశ్రీ భగవాన్ వంటివారు ఆ మార్గాన్ని విస్తరించారు. ఈ సాహిత్యంపై పరిశోధన జరగవలసినంత జరగలేదన్నది అందరూ అంగీకరించే మాటే. అయితే ఆ నవల తగ్గుముఖం పట్టిన తర్వాత హత్య, రహస్యం, ఆస్తి అనే మూడు దినుసులూ ఎక్కడికి చేరాయన్న ప్రశ్న మాత్రం మన చర్చల్లోకి అంతగా రాలేదు. అవి అద్దె పుస్తకాల దుకాణం నుంచి ఇంటి ముందుగదిలోని టెలివిజన్‌లోకి వచ్చాయి. వచ్చేటప్పుడు డిటెక్టివ్‌ను గడప అవతలే వదిలేశాయి.

హైదరాబాదులో 1977లో దూరదర్శన్ ప్రసారాలు ఆరంభమయ్యాయి. 1995లో ఈటీవీ, జెమిని వంటి ఉపగ్రహ చానళ్లు వచ్చాక రోజువారీ ధారావాహిక తెలుగు కుటుంబాల సాయంకాలంలో స్థిరపడింది. 1990ల చివర అచ్యుత్, యమున నటించిన ‘అన్వేషిత’ వంటివి రహస్యానికీ భయానికీ టెలివిజన్‌లో చోటుందని నిరూపించాయి. ఆ వరసలో చెప్పుకోదగినది 2020 మార్చి 2న జీ తెలుగులో ప్రారంభమైన ‘త్రినయని’. 2019లో జీ బంగ్లాలో ప్రసారమైన అదే పేరుగల ధారావాహిక దీనికి మూలం. తెలుగు రూపం మాత్రం మూలకథను దాటి తనదైన దారిలో సంవత్సరాల తరబడి సాగింది.

వేయికి పైగా భాగాలున్న రచనను సన్నివేశాల వారీగా పరిశీలించడం ఒక వ్యాసం పరిధిలోకి రాదు. కథకు ఆధారమైన నిర్మాణాన్నీ, ప్రధాన పాత్రల మధ్య జ్ఞానం పంపకమైన తీరునూ మాత్రమే ఇక్కడ విశ్లేషిస్తున్నాను. ఎవరికి ఏమి తెలుసు, తెలిసినది ఎవరితో చెప్పగలరు, చెప్పినా ఎవరు నమ్ముతారు అన్న మూడు ప్రశ్నలే ఈ వ్యాసానికి ప్రాతిపదిక.

2. కథానిర్మాణం: జ్ఞానం పంపకం

నయని (ఆషికా పదుకొణె) పేదింటి అమ్మాయి. జరగబోయే ఆపద ఆమె కళ్లముందు ముందుగానే మెరుస్తుంది. ఆమె సంపన్నుడైన విశాల్ (చందు గౌడ)ను పెళ్లాడి ఆ ఇంటి కోడలవుతుంది. విశాల్ తల్లి గాయత్రీదేవి అంతకుముందే మరణించింది. అది హత్య. చేసినది, విశాల్ ‘అమ్మా’ అని పిలిచే తిలోత్తమ (పవిత్రా జయరాం). కారణం ఆస్తి, ఆ ఇంటిపై పెత్తనం. గాయత్రీదేవి ఆత్మ నయనికి కనిపిస్తుంది. ఆ తర్వాత అదే ఇంట్లో పసిబిడ్డగా మళ్లీ పుడుతుంది.

ఈ సారాంశంలో గమనించవలసిన అంశం ఒకటుంది. సంప్రదాయ హత్యారహస్య కథలో చివరి అధ్యాయంలో వెల్లడి కావలసిన సంగతులన్నీ ఇక్కడ కథారంభంలోనే ప్రేక్షకుడి చేతికి అందాయి. హతురాలు, హంతకురాలు, ఉద్దేశం అన్నీ తెలిసినవే. మరి రహస్యం ఎక్కడుంది? విశాల్ అజ్ఞానంలో ఉంది. తల్లిని చంపిన మనిషినే తల్లిగా గౌరవించే కొడుకు ఎప్పుడు తెలుసుకుంటాడన్నదే కథకు ఇంధనం. కాబట్టి దీనిని హంతకుడి కోసం సాగే అన్వేషణ అనడం కంటే, ఇంటి యజమాని చెవిలో పడవలసిన ఒక వాక్యం ప్రయాణం అనడం సముచితం.

జ్ఞానం ఈ ఇంట్లో హోదాకు విలోమంగా పంపకమైంది. యజమానికి ఏమీ తెలియదు. కోడలికి చాలా తెలుసు. ఆమెకు అండగా నిలిచే తోడికోడలు హాసిని నవ్వులాటల చాటున ఎంతో గ్రహిస్తుంది. పసిబిడ్డలోని గాయత్రికి మొత్తం తెలుసు గానీ మాట రాదు. తిలోత్తమకు తాను చేసినది తెలుసు, ఎవరికెంత తెలుసో పసిగట్టడంలోనే ఆమె తెలివంతా ఖర్చవుతుంది. ఈ పాత్రను కేవలం దుష్టపాత్రగా కొట్టివేయరాదు. ఇంట్లో ఎవరు ఎవరితో ఏకాంతంగా మాట్లాడుతున్నారో కనిపెట్టి, మాట దాటకుండా అడ్డుకట్ట వేయడమే ఆమె నిత్యకృత్యం. గొంతు పెంచకుండా, ఆప్యాయతను ఆయుధంగా వాడుకుంటూ పవిత్రా జయరాం ఆ పనిని నిర్వహించిన తీరు, 2024 మే నెలలో రోడ్డు ప్రమాదంలో ఆమె మరణించిన తర్వాత కూడా ప్రేక్షకుల జ్ఞాపకంలో నిలిచింది. 

3. ‘అనుమానం’ అనే మాటకు రెండు అర్థాలు

అపరాధ పరిశోధక కథ అనుమాన ప్రమాణానికి చెందిన ప్రక్రియ. పొగను చూసి నిప్పును ఊహించినట్టు, బురద అడుగును చూసి మనిషిని ఊహించడం డిటెక్టివ్ పని. ఆంధ్రదేశీయుడైన అన్నంభట్టు ‘తర్కసంగ్రహం’లో అనుమానాన్ని స్వార్థం, పరార్థం అని రెండుగా విభజించాడు. తనకు తాను నిశ్చయం కలిగించుకునేది స్వార్థానుమానం. ఎదుటివాడికి నిశ్చయం కలిగించడానికి ప్రతిజ్ఞ, హేతువు, ఉదాహరణ, ఉపనయం, నిగమనం అనే అయిదు అవయవాలతో వాక్యరూపంలో చెప్పేది పరార్థానుమానం.

ఈ విభజనను నవలకు అన్వయిస్తే కథలో డిటెక్టివ్ తిరిగే తిరుగుళ్లన్నీ స్వార్థానుమానం. అందరినీ ఒకచోట కూర్చోబెట్టి, ఇతడే హంతకుడని ప్రతిజ్ఞ చేసి, కారణం చూపి, ఆధారాలు ముందుంచి, నిగమించే చివరి ఘట్టం పరార్థానుమానం. పాఠకుడు ఆ ఘట్టం కోసమే పుస్తకం చదువుతాడు. అక్కడ ఒక మనిషి బుద్ధిలో ఉన్న నిశ్చయం పదిమంది బుద్ధిలోకి ప్రవేశిస్తుంది. దానిని ఎవరైనా ప్రశ్నించవచ్చు, ఖండించవచ్చు, ఒప్పుకోవచ్చు. అంటే అది ప్రజాస్వామికమైన జ్ఞానం.

నయనికి ఉన్నది అనుమాన జ్ఞానం కాదు. ఆమెకు దర్శనం కలుగుతుంది. న్యాయదర్శనం పరిభాషలో అది అలౌకిక ప్రత్యక్షంలోని యోగజ భేదానికి దగ్గరగా ఉంటుంది. ప్రత్యక్షం అనుమానం కంటే బలమైన ప్రమాణమే. కానీ అది చూసినవారిది మాత్రమే. తాను చూసినదాన్ని ఎదుటివారి కళ్లకు అందించే అయిదు మెట్ల నిచ్చెన దానికి లేదు. అందువల్ల నయని జ్ఞానం ఎంత నిస్సందేహమైనదో అంత నిస్సహాయమైనది. ఆమెకు అన్నీ తెలుసు, ఏదీ రుజువు చేయలేదు.

ఇక్కడ తెలుగు భాష స్వయంగా ఒక వ్యాఖ్యానం అందిస్తుంది. శాస్త్రంలో అనుమానమంటే హేతువు ద్వారా పొందిన జ్ఞానం. వాడుకలో అనుమానమంటే శంక, అపనమ్మకం. ‘అనుమానపు మనిషి’ అన్నది తిట్టు. ఇంట్లో పెద్దవారిపై కోడలు వ్యక్తం చేసే అనుమానం శాస్త్రార్థంలో మొదలై, వినేవారి చెవికి చేరేసరికి వాడుకార్థంలోకి దిగిపోతుంది. ఆమె చూపించిన హేతువు చర్చకు రాదు. ఆమె బుద్ధే చర్చకు వస్తుంది. ‘అత్త మీద అంత మాటా?’ అన్న ఒక్క ప్రశ్నతో విచారణ ముగుస్తుంది. తెలుగు ధారావాహికల్లో కోడలి మాట ఓడిపోయే ఘట్టాలన్నింటికీ ఈ అర్థాంతరమే మూలమని చెప్పవచ్చు.

‘సాక్షి’ శబ్దానికి కన్ను అనే అర్థమిచ్చే ‘అక్షి’తో సంబంధముంది. కళ్లారా చూసినవాడే సాక్షి. ఈ కథానాయికకు రెండు కాక మూడు కళ్లు. అయినా ఆమె సాక్షి కాలేదు. ధారావాహిక తన శీర్షికలోనే ఇంత పదునైన వైరుద్ధ్యాన్ని దాచుకుంది. మూడు కళ్లున్న స్త్రీని నమ్మని ఇంట్లో రెండు కళ్లున్న స్త్రీ చెప్పుకోవడానికి చోటెక్కడన్నది దాని నుంచి సహజంగా పుట్టే ప్రశ్న. అయితే ఈ ప్రశ్నను ధారావాహిక లేవనెత్తి, జవాబు వెదకవలసిన చోట మరో దర్శనాన్ని చూపిస్తుంది. నయని తర్కించి, ఆధారం సేకరించి, వాదించి గెలిచే సందర్భాల కంటే దైవశక్తి అడ్డుపడి కాపాడే సందర్భాలకే కథలో బరువెక్కువ. కోడలికి మూడో కన్ను ఇచ్చిన రచన ఆమెకు వాదించే నోటిని ఇవ్వడానికి వెనుకాడింది. ఈ ధారావాహికపై చేయవలసిన ప్రధాన విమర్శ ఇదే.

4. నిర్వహణ సంధి లేని నాటకం

నాటక లక్షణకారులు కథాగమనాన్ని ముఖం, ప్రతిముఖం, గర్భం, విమర్శం, నిర్వహణం అని అయిదు సంధులుగా చెప్పారు. ఓరుగల్లు ఆస్థానానికి చెందిన విద్యానాథుడు ‘ప్రతాపరుద్రీయం’లో ఈ లక్షణాలకు లక్ష్యంగా ఒక నాటకాన్నే రచించి చేర్చాడు. వీటిలో గర్భసంధి స్వభావం ప్రస్తుత చర్చకు ఉపకరిస్తుంది. మొలకెత్తిన బీజం దొరికినట్టే దొరకడం, చేజారడం, మళ్లీ వెదకడం ఆ సంధి లక్షణం.

రోజువారీ ధారావాహిక దాదాపు పూర్తిగా గర్భసంధిలోనే జీవిస్తుంది. నిజం బయటపడబోతుంది, పడదు. ఆధారం చేతికి అందుతుంది, మాయమవుతుంది. విశాల్ గది తలుపు దగ్గరికి వస్తాడు, సరిగ్గా అప్పుడే మాట ఆగిపోతుంది. ఆ రోజు భాగం అక్కడితో సమాప్తం. మరునాడు అదే క్షణాన్ని మళ్లీ చూపించి, మరో దారికి మళ్లిస్తారు. ఒకే మాట విన్న ముఖాలను ఒక్కొక్కటిగా దగ్గరగా చూపించే పద్ధతి కూడా ఈ జాప్యంలో భాగమే. వారంవారం వెలువడే బార్క్ రేటింగులు బాగున్నంతకాలం నిర్వహణ సంధికి అవకాశం ఉండదు. పదమూడు భాగాల కొలతతో అనుమతులు పొందిన నాటి దూరదర్శన్ ధారావాహికలకు ముగింపు ముందే తెలిసిన గమ్యం. నేటి ధారావాహికకు అది ఒక ఆర్థిక నిర్ణయం.

ఈ జాప్యాన్ని కేవలం వ్యాపార సూత్రంగా చూసి వదిలేస్తే దాని అర్థం సగమే బోధపడుతుంది. జాప్యానికి నైతిక ఫలితం కూడా ఉంది. హత్య జరిగింది, హంతకురాలు అదే భోజనాల బల్ల దగ్గర కూర్చుని వడ్డన చూసుకుంటోంది, పండుగలకు హారతి ఇస్తోంది. ఈ దృశ్యాన్ని ప్రేక్షకులు సంవత్సరాల తరబడి ప్రతిరోజూ చూశారు. మొదట కలిగిన దిగ్భ్రమ క్రమంగా అలవాటుగా మారుతుంది. అన్యాయం తెలిసి కూడా దానితో కలిసి కాపురం చేయడం సాధారణమైన గృహజీవనంగా స్థిరపడుతుంది. నిర్వహణ లేని నాటకం తన ప్రేక్షకుడికి నేర్పేది ఓర్పు. ఆ ఓర్పునే మన సమాజం శతాబ్దాలుగా కోడళ్ల నుంచి కోరుతూ వచ్చింది.

5. ధనిక గృహం, గడప, చట్టం

ఈ కథకు సంపన్న కుటుంబమే ఎందుకు కావలసివచ్చింది? ఆస్తి ఉంటేనే హత్యకు ఉద్దేశం బలపడుతుందన్నది పైకి కనిపించే సమాధానం. అంతకంటే ముఖ్యమైన నిర్మాణపరమైన అవసరం మరొకటి ఉంది. మధ్యతరగతి ఇంటికి పొరుగు ఉంటుంది. గోడకు అవతల మనుషులుంటారు, మెట్ల మీద ఎదురుపడతారు, కేక వినిపిస్తే తలుపు తడతారు. ధనికుల భవంతికి ప్రహరీగోడ ఉంటుంది. విశాలమైన హాలు, పైకి వెళ్లే మెట్లు, చుట్టూ గదులు, అందరూ ఒకేచోట గుమిగూడే అలవాటు కలిసి ఆ ఇంటిని ఊరితో పని లేని స్వతంత్ర రాజ్యంగా మారుస్తాయి. తీర్పులన్నీ ఆ హాల్లోనే జరుగుతాయి. ధనం ఇక్కడ భోగానికంటే ఎక్కువగా ఏకాంతానికి సంకేతం.

‘ఇంటిగుట్టు లంకకు చేటు’ అన్న సామెత ఈ రాజ్యానికి రాజ్యాంగం వంటిది. లంక చెడింది రావణుడు చేసిన అపరాధం వల్లనా, ఆ గుట్టు బయటికి పోవడం వల్లనా అని సామెత అడగదు. గుట్టు విప్పినవాడి మీదికే తప్పును నెడుతుంది. నయని ఎదుర్కొనే చిక్కు సరిగ్గా ఇదే. నిజం చెబితే ఆమె ఇంటిని కాపాడినదవుతుందా, కూల్చినదవుతుందా? విశాల్ మనసు విరిగిపోతుందన్న భయంతో నిజాన్ని వాయిదా వేయడాన్ని ధారావాహిక ఆమె ఔదార్యంగా చిత్రిస్తుంది.

లక్డీకాపూల్‌లో రాష్ట్ర పోలీసు ప్రధాన కార్యాలయం ఉంది. దానికి కూతవేటు దూరంలో రెడ్‌హిల్స్‌లో ఫోరెన్సిక్ సైన్స్ ల్యాబొరేటరీ ఉంది. మెట్రో రైలులో అక్కడి నుంచి పంజాగుట్ట, అమీర్‌పేట కొద్ది నిమిషాల ప్రయాణం. ఆ పరిసరాల నుంచే కృష్ణానగర్, జూబ్లీహిల్స్ స్టూడియోల వైపు నిత్యం వందలమంది నటులు, సాంకేతిక నిపుణులు పనికి వెళుతుంటారు. హత్యను శాస్త్రీయంగా విచారించే వ్యవస్థ, హత్యను కథగా చెప్పే పరిశ్రమ ఒకే నగరంలో ఇంత ఇరుగుపొరుగుగా ఉన్నాయి. అయినా ధారావాహికలోని ఇంట్లోకి పోలీసు వచ్చేది ఎక్కువగా అమాయకులను అరెస్టు చేసి ఉత్కంఠ పెంచడానికే. వేలిముద్ర, రక్తపు మరక, పోస్టుమార్టం నివేదిక వంటివాటికి కథాగమనంలో నిర్ణాయక స్థానం లేదు.

నేరం నాలుగు గోడల మధ్య జరిగితే బయటి సాక్షులు దొరకరన్న సంగతి న్యాయవ్యవస్థ గుర్తించినదే. 1872 నాటి సాక్ష్యాధార చట్టం 106వ సెక్షన్ ప్రకారం, ప్రత్యేకించి ఒక వ్యక్తికే తెలిసిన విషయాన్ని రుజువు చేసే భారం ఆ వ్యక్తిపైనే ఉంటుంది. 2006లో మహారాష్ట్రకు చెందిన ఒక భార్యాహత్య కేసులో సుప్రీంకోర్టు ఈ సూత్రాన్ని వివరిస్తూ, ఇంటి లోపల రహస్యంగా జరిగిన నేరంలో ప్రాసిక్యూషన్‌పై ఉండే రుజువు భారం ఇతర కేసులతో పోలిస్తే తేలికవుతుందనీ, ఇంట్లో ఉన్నవారు మౌనం వహించి తప్పించుకోలేరనీ స్పష్టం చేసింది. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియంలోనూ ఈ సూత్రం కొనసాగింది. అంటే చట్టం గడప ముందు నిలబడి ఇంటిని మాట్లాడమని అడుగుతోంది. ధారావాహిక అదే గడప దగ్గర నిలబడి ఇంటి మౌనాన్ని కాపాడుతోంది. కల్పనకు చట్టాన్ని అనుసరించవలసిన బాధ్యత లేదన్న మాట నిజమే. అయితే వాస్తవ జీవితంలో ఇంటి మౌనం ఎందరో స్త్రీల మరణాలను ప్రమాదాలుగా నమోదు చేయించిన సమాజంలో, ఆ మౌనాన్ని త్యాగంగా చూపే కల్పనను విమర్శ ప్రశ్నించక తప్పదు.

6. పేరంటాలు, ఆత్మ: సంప్రదాయంతో తేడా

అతీంద్రియ శక్తిని వాడుకోవడం వల్లనే ఈ ధారావాహిక బలహీనపడిందన్న హేతువాద విమర్శ తేలికగా పుడుతుంది. ఆ విమర్శతో ఈ వ్యాసం పూర్తిగా ఏకీభవించదు. అన్యాయంగా మరణించిన స్త్రీ తిరిగి వచ్చి మాట్లాడడం తెలుగు జానపద సంప్రదాయానికి కొత్త కాదు. కోస్తా, రాయలసీమ, తెలంగాణ ప్రాంతాల్లో అకాలమరణం చెందిన స్త్రీలను పేరంటాళ్లుగా కొలిచే ఆచారం విస్తారంగా ఉంది. పెనుగంచిప్రోలులో కొలువైన తిరుపతమ్మ కథలోనూ అత్తింటి ఆరళ్లు అనుభవించిన కోడలే దేవతగా నిలిచింది.

ఆ కథల్లో జరిగే పని ఏమిటో జాగ్రత్తగా చూడాలి. ఇంటి గోడల మధ్య ఒక స్త్రీ అనుభవించిన బాధ మరణానంతరం ఊరి ఆస్తి అవుతుంది. గుడి వెలుస్తుంది, తిరునాళ్లు జరుగుతాయి, కథాగానం సాగుతుంది. ఏటేటా ఆ కథ విన్న ప్రతివారూ ఆమెకు జరిగిన అన్యాయానికి సాక్షులవుతారు. పూనకంలో ఆమె ఒకరి నోట పలికినా వినేది ఊరంతా. అతీంద్రియమైన ఆధారంతోనే అయినా ఆ జ్ఞానం పరార్థమవుతుంది, పదిమందిదవుతుంది. చట్టం చేయలేని పనిని సామూహిక స్మృతి తనదైన పద్ధతిలో చేసింది.

గాయత్రీదేవి ఆత్మ ఇందుకు భిన్నం. ఆమె ఇల్లు దాటదు. ఒక్క కోడలి కంటికే కనిపిస్తుంది. పునర్జన్మ కూడా ఆ ఇంటిలోనే, ఆ రక్తసంబంధంలోనే. ఊరికి ఆమె ఎవరో తెలియదు, ఆమెకు ఊరితో పని లేదు. ధారావాహిక జానపద విశ్వాసం నుంచి ఆత్మను తీసుకుంది గానీ ఆత్మ చుట్టూ ఉండవలసిన ఊరిని తీసుకోలేదు. కనుక ఇక్కడి లోపం అతీంద్రియతది అనడం కంటే, ఆ అతీంద్రియతను ప్రైవేటు ఆస్తిగా మార్చిన దృష్టిది అనడం న్యాయం. హతురాలి ఆత్మ సైతం ఆ సంపన్న కుటుంబపు ప్రహరీగోడకు లోబడి ఉండిపోయింది.

7. ‘గాలివాన’తో పోలిక

2022 ఏప్రిల్ 14న జీ5లో విడుదలైన ‘గాలివాన’ ఇదే సమస్యను మరో వైపు నుంచి చూపిస్తుంది. శరణ్ కొప్పిశెట్టి దర్శకత్వంలో సాయికుమార్, రాధికా శరత్‌కుమార్, చాందినీ చౌదరి, చైతన్యకృష్ణ నటించిన ఈ సిరీస్‌కు 2016లో బీబీసీ ప్రసారం చేసిన ‘వన్ ఆఫ్ అజ్’ మూలం. పాలగుమ్మి పద్మరాజు కథకు 1952లో ప్రపంచ కథానికల పోటీలో బహుమతి లభించినప్పటి నుంచి ‘గాలివాన’ అనే శీర్షిక తెలుగు పాఠకుడికి ఎంతో పరిచితం. ఈ సిరీస్‌కు ఆ కథతో వస్తుసంబంధం లేదు. తుఫాను రాత్రి మనుషుల నైతిక నిశ్చయాలను కదిలించడం మాత్రం రెండింటిలోనూ కనిపిస్తుంది.

రెండు గౌరవనీయ కుటుంబాల పిల్లలైన కొత్త దంపతులు హత్యకు గురవుతారు. వారిని చంపినవాడు తుఫాను రాత్రి ఆ కుటుంబాల ఇళ్ల దగ్గరే ప్రమాదంలో చిక్కుకుంటాడు. ఎవరో తెలియక అతన్ని కాపాడినవారికి ఆ తర్వాత నిజం తెలుస్తుంది. తెల్లవారేసరికి అతడు చనిపోయి ఉంటాడు. చంపినది తమలో ఒకరే. అక్కడి నుంచి ఆ ఇళ్లు ఒక రహస్యాన్ని ఉమ్మడిగా మోస్తాయి.

‘త్రినయని’లో ప్రేక్షకుడికి తెలుసు, ఇంటికి తెలియదు. ‘గాలివాన’లో నేరం జరిగిందని ఇంటికంతటికీ తెలుసు, చేసినదెవరో ప్రేక్షకుడికి తెలియదు. మొదటిదానిలో ప్రేక్షకుడు జాలిపడతాడు, రెండోదానిలో అనుమాన ప్రమాణంతో పని చేస్తాడు. ‘గాలివాన’లో పోలీసు అధికారిణి గడప దగ్గరికి వచ్చి అడిగే ప్రతి ప్రశ్నకూ కథలో బరువుంటుంది. ఇంటివారు ఒకరి ముఖం ఒకరు చూసుకుని ఒకే అబద్ధం చెప్పవలసివస్తుంది. కుటుంబ ఐక్యత అనే విలువ నేరాన్ని దాచే ఒప్పందంగా ఎలా మారుతుందో ఆ చూపుల్లో వ్యక్తమవుతుంది. కొద్ది భాగాల పరిమితి ఉన్నందువల్ల నిర్వహణ సంధి అక్కడ తప్పనిసరి అయింది. నిజం బయటపడిన తర్వాత ఆ మనుషులు ఏమవుతారన్న ప్రశ్నను ఆ సిరీస్ ఎదుర్కోవలసివచ్చింది.

ఇంతమాత్రాన వెబ్ సిరీస్ ఉత్తమమనీ ధారావాహిక అధమమనీ తీర్మానించడం తొందరపాటు. ‘గాలివాన’లో అనుమానించే హక్కు పోలీసుకూ ప్రేక్షకుడికీ దక్కింది. కొత్తగా వచ్చిన కోడలిని, పేదింటి నుంచి వచ్చినదాన్ని, జ్ఞానానికి కేంద్రంగా నిలబెట్టే సాహసం మాత్రం ‘త్రినయని’దే. రోజూ పని ముగించుకుని టెలివిజన్ ముందు కూర్చునే లక్షలాది స్త్రీలు నయనిలో తమను చూసుకున్నారంటే, తమకు తెలిసినదాన్ని ఎవరూ వినరన్న అనుభవం వారికి ఉన్నందువల్లనే. ఆ ప్రేక్షకుల నాడిని సాహిత్య విమర్శకంటే ముందు ధారావాహిక పట్టుకుంది. దానిని తక్కువ చేసి చూడడం విమర్శకు శోభ కాదు.

8. ముగింపు

పై పరిశీలన వల్ల తేలిన అంశాలను ఇలా క్రోడీకరించవచ్చు. తెలుగు అపరాధ పరిశోధక నవలలో బయటి నుంచి వచ్చే డిటెక్టివ్ చేసిన పని, టెలివిజన్ ధారావాహికలో లోపలికి వచ్చిన కోడలికి అప్పగించబడింది. అయితే డిటెక్టివ్‌కు ఉన్న పరార్థానుమాన సామర్థ్యం, అంటే పదిమంది ముందు వాదించి ఒప్పించే అధికారం, ఆమెకు దక్కలేదు. దాని స్థానంలో దివ్యదృష్టి దక్కింది. నిర్వహణ సంధి నిరంతరం వాయిదా పడడం వల్ల అన్యాయంతో సహజీవనం ఓర్పుగా గౌరవం పొందింది. సంపన్న గృహం ఊరినీ చట్టాన్నీ వెలుపల నిలబెట్టే గోడగా పని చేసింది. జానపద సంప్రదాయంలో ఊరిదైన ఆత్మ ఇక్కడ ఒక కుటుంబానికే పరిమితమైంది.

తెలుగు శాఖల్లో టెలివిజన్ ధారావాహికను పరిశోధనాంశంగా స్వీకరించడంలో ఇప్పటికీ ఒక సంకోచం ఉంది. ఒకప్పుడు డిటెక్టివ్ నవల విషయంలోనూ ఇదే సంకోచం ఉండేది. ఆనాడు విమర్శ పట్టించుకోనందువల్ల ఎన్నో నవలలు ఇవాళ గ్రంథాలయాల్లో సైతం లభించడం లేదు. ధారావాహికల స్థితి ఇంకా సున్నితమైనది. వాటి సంభాషణ ప్రతులు అచ్చు కావు, రచయితల పేర్లు తెరమీద క్షణకాలం కనిపించి మాయమవుతాయి. సంభాషణ ప్రతులను భద్రపరచడం, భాషాప్రయోగాన్ని నమోదు చేయడం, వివిధ ప్రాంతాల స్త్రీ ప్రేక్షకుల స్పందనలను సేకరించడం అనే మూడు పనులను విశ్వవిద్యాలయ శాఖలు చేపట్టవలసి ఉంది.

అన్నంభట్టు చెప్పిన అయిదు అవయవాల వాక్యం ఒక కోడలి నోట, ఇంటి హాల్లో, అందరి సమక్షంలో, మధ్యలో ఆగిపోకుండా నిగమనం దాకా సాగే ఘట్టం కోసం తెలుగు ధారావాహిక ఇంకా ఎదురుచూస్తోంది. ఆ ఘట్టం రాయడానికి దైవశక్తి అక్కర లేదు. ఆమె మాట పూర్తయ్యేదాకా వినే ఒక ఇల్లుంటే చాలు.